తూటా ఉంది, తుపాకి పేలదు

గోదావరి అడవుల చరిత్ర – 17వ భాగం

పాల్వంచ నుంచి దమ్మపేట వెళ్లే దారిలో ములకలపల్లి వస్తుంది. ఇవాళ అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక మండల కేంద్రం. మన కథ నడుస్తున్న 1948-51 నాటికి ఇదంతా హైదరాబాద్ సంస్థానపు వరంగల్ జిల్లా. తూర్పుకు కొద్ది దూరం నడిస్తే మద్రాసు రాష్ట్రం. గోదావరి దాటితే భద్రాచలం. అదీ అప్పట్లో తూర్పు గోదావరి జిల్లాలోనిదే, 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. రెండు ప్రభుత్వాల హద్దు, ఆ హద్దు మీద అడవి, అడవిలో కోయగూడేలు, కొండరెడ్ల ఊళ్లు. తుపాకి పట్టుకుని తప్పించుకు తిరిగేవాడికి ఇది అనువైన చోటు. చేతిలోని తుపాకికి మాత్రం గడ్డు చోటు. జూన్‌లో మొదలైన తడి అక్టోబరు దాకా వదలదు. వాన వెలిశాక మంచు. ఎండాకాలంలో దుమ్ము, పోడు కాల్చిన బూడిద.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి రావడం, 17న నిజాం లొంగిపోవడం, ఆ తర్వాత నల్లగొండ, వరంగల్, ఖమ్మం మైదానాల్లోని కమ్యూనిస్టు దళాలు నిలవలేక పాల్వంచ, ఇల్లందు, ములుగు అడవుల్లోకి జరగడం గత భాగంలో చెప్పుకున్నాం. ఈ వారం ఆ దళాల గురించి కాదు, వాళ్ల భుజాన ఉన్న ఆయుధం గురించి. పోరాట చరిత్రల్లో ఫలానా గడీ మీద దాడిలో ఇన్ని తుపాకులు దొరికాయని చదువుతాం. ఆరు నెలల తర్వాత, ఒక వానాకాలం గడిచాక, వాటిలో ఎన్ని పేలాయన్నది ఎవరూ రాయరు. నాకు అసలు ప్రశ్న అదే అనిపిస్తుంది. తుపాకిని గుంజుకోవడం ఒక రాత్రి సాహసం. దాన్ని పేలే స్థితిలో ఉంచడం రోజూ చేయాల్సిన చాకిరీ. ఆ చాకిరీకి నూనె కావాలి, గుడ్డ కావాలి, తాడు కావాలి, వేడినీళ్లు కావాలి, విరిగిన స్ప్రింగు మార్చగల మనిషి కావాలి. అడవి పోరాటాల్లో ధైర్యం రెండు వైపులా ఉంది. ఈ సరంజామా ఒక్క వైపే ఉంది.

ముందు బర్మార్, అంటే నాటు తుపాకి సంగతి. తెలంగాణ ఊళ్లలో దొరల గడీల్లోనూ, రజాకార్ల చేతుల్లోనూ, తర్వాత గ్రామ దళాల చేతుల్లోనూ ఎక్కువగా కనిపించింది ఇదే. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచో గుడ్డపేలికో దట్టించి, గుండ్లు వేసి, మళ్లీ దట్టించాలి. గుర్రం అనే సుత్తిని ఎత్తి, కింద సన్నని రంధ్రం మీద దెబ్బకు పేలే చిన్న టోపీ పెట్టి మీట నొక్కితే గుర్రం టోపీని కొడుతుంది, నిప్పు ఆ రంధ్రం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది. యంత్రంగా చూస్తే దీనంత సులువైంది లేదు. తిరిగే భాగాలు రెండో మూడో.

దీని శత్రువు దీని మందే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసే ఈ మందు కాలినప్పుడు, దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారకుండా మసిగా, ఉప్పులుగా మిగులుతుంది. అందులో కొంత పొగతో పోయినా, కొంత గొట్టంలోనే ఉండిపోతుంది. ఆ ఉప్పులు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వానాకాలం రాత్రి ఒకసారి కాల్చి అలాగే మూలన పెడితే తెల్లారేసరికి గొట్టం లోపల నల్లని జిగురు. మూడు రోజులకు తుప్పు. ఇంకొన్నాళ్లకు నిప్పు వెళ్లే సన్నని రంధ్రం పూడిపోతుంది. అప్పుడు టోపీ పేలుతుంది, తుపాకి పేలదు. ఎదుటివాడికి మాత్రం టోపీ చప్పుడు వినిపిస్తుంది, మనిషి ఎక్కడున్నాడో తెలిసిపోతుంది.

దీనికి విరుగుడు నూనె అనుకుంటారు చాలామంది. నూనె కాదు, నీళ్లు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కడగకుండా పైన నూనె పూస్తే ఉప్పును నూనె పొర కింద భద్రంగా దాచినట్టే. తుప్పు ఆ పొర కిందే తన పని తాను చేసుకుపోతుంది. వేడినీళ్లతో కడిగి, ఆ వేడికే గొట్టం ఆరిపోయాక, చివర నూనె చెయ్యి. కడగడం, ఆరబెట్టడం, ఆ తర్వాతే నూనె. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకోవాలి, కొత్త రైఫిళ్ల దగ్గరా ఇదే మళ్లీ వస్తుంది.

ఈ మసి గొడవే మన దేశ చరిత్రలో ఒకసారి పెద్ద మంట పెట్టింది. ఈస్టిండియా కంపెనీ 1857కు ముందు తెచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కూడా మూతి నుంచి దట్టించేదే, అయితే దాని గొట్టం లోపల మెలిపెట్టిన గాడులు ఉన్నాయి. మసి ఆ గాడుల్లో గట్టిపడితే రెండో గుండు దిగడమే కష్టం. అందుకే తూటా కాగితానికి కొవ్వు పూసి ఇచ్చారు. ఆ కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానం డమ్‌డమ్ నుంచి మీరట్ దాకా పాకింది. 1857 జనవరి చివర్లోనే ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇకనుంచి కొవ్వు లేని తూటాలే ఇస్తాం, సిపాయిలు తమకు నచ్చిన పూత తామే పూసుకోవచ్చని. నూనె, తేనెమైనం కలిపి పూసుకున్నా పని జరిగేదే. అప్పటికే నమ్మకం పోయింది. తుపాకికి ఏ కందెన వాడాలన్నది ఆయుధాగారం గుమాస్తా నిర్ణయించే చిన్న విషయం కాదని ఆనాడే తేలింది.

మన వైపుకు వస్తే, గోదావరి ఏజెన్సీలో పోలీసు తుపాకులు పెద్ద ఎత్తున గిరిజనుల చేతికి వచ్చింది 1922లో. అల్లూరి సీతారామరాజు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను వరుసగా కొట్టాడు. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పడిపోయారు. ఇంతవరకు ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలిసిన కథ. దీన్నే తుపాకి వైపు నుంచి చూడండి. ఆ ఆయుధాలు చేతికి వచ్చింది నడి వానాకాలంలో. వాటితో 1922 వానలు సగం, 1923 వానలు పూర్తిగా గడపాలి. 1924 మే 7న రాజు నేలకొరిగే దాకా లెక్కిస్తే ఇరవై నెలలకు పైమాట. ఇన్నాళ్లూ వాటికి ఆయుధశాల లేదు, విడిభాగం వచ్చే దారి లేదు. అవతల మలబార్ స్పెషల్ పోలీసులు వచ్చారు, లూయిస్ గన్నులు వచ్చాయి, 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది. వీళ్ల వెనుక రైలు, రోడ్డు, డిపో, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్. రాజు ఓటమికి తూటాల కొరత కారణమని అందరూ రాస్తారు. నిజమే. కాని ఆ కొరతను ఎవరూ కలిపి లెక్కించని ఇంకో కొరత పెంచుతుంది. వంద తూటాలున్న దళానికి నాలుగింట ఒకటి పేలకపోతే డెబ్బై అయిదే ఉన్నట్టు. ఏ డెబ్బై అయిదో ముందు తెలియదు.

ఇప్పుడు 1948 తర్వాతి పాల్వంచ అడవికి వద్దాం. సైన్యం, పోలీసులు తెచ్చింది ప్రధానంగా పాయింట్ 303 రైఫిల్. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్. పది తూటాల మేగజైన్, దాదాపు నాలుగు కిలోల బరువు. చేత్తో బోల్టు ఎత్తి వెనక్కి లాగి ముందుకు తోస్తే ఒక తూటా లోపలికి పోతుంది. రెండు ప్రపంచయుద్ధాలను చూసిన గట్టి ఆయుధం. దళాలు గుంజుకున్న మంచి తుపాకి కూడా ఇదే.

ఈ రైఫిల్ కట్టినవాళ్లు దాని శుభ్రతను అందులోనే పెట్టి ఇచ్చారు. భుజానికి ఆనించే మడమకు ఇత్తడి రేకు ఉంటుంది, అందులో చిన్న తలుపు. తెరిస్తే లోపల తొర్ర. ఆ తొర్రలో నూనె సీసా, పుల్‌త్రూ. పుల్‌త్రూ అంటే ఒక చివర ఇత్తడి బరువు, రెండో చివర గుడ్డ తొడగడానికి ఉచ్చులు ఉన్న తాడు. బరువును తూటా కూర్చునే చాంబర్ వైపు నుంచి వేస్తే గొట్టం మూతి నుంచి బయటికి వస్తుంది. గుడ్డ పెట్టి ఒక్క లాగున లాగాలి. మన పోలీసు లైన్లలో ఆ గుడ్డను చిందీ అంటారు. తాడును వంకరగా లాగితే మూతి దగ్గర గొట్టాన్ని ఒరుసుకుని అక్కడ గాడి పడుతుంది, ఇక గురి కుదరదు. అంటే శుభ్రం చేయడం రానివాడు శుభ్రం చేసినా తుపాకి చెడుతుంది.

ఈ తూటాల్లో పొగ రాని మందు వాడారు కాబట్టి బర్మార్ మసి గొడవ లేదు అనుకుంటాం. మందు మారింది గాని తూటా అడుగున ఉండే టోపీలో పొటాషియం క్లోరేట్ అలాగే ఉంది. అది పేలినప్పుడు మిగిలేది పొటాషియం క్లోరైడ్. మన ఇంట్లో ఉప్పుకు దగ్గరి చుట్టం, తేమను పీల్చేదే. అందుకే బ్రిటిష్ సైన్యంలో కాల్పులు అయిన రోజే గరాటు పెట్టి గొట్టంలో మరిగిన నీళ్లు పోయించేవారు. ఆ తర్వాతే గుడ్డ, ఆ తర్వాతే నూనె. బర్మార్ దగ్గర చెప్పుకున్న వరుసే. తప్పించుకు తిరుగుతున్న దళానికి కాల్పులు అయిన రోజే పొయ్యి వెలిగించి నీళ్లు మరగబెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? పొగ కనిపిస్తే చాలు. ఒకరోజు ఆలస్యం, రెండు రోజుల ఆలస్యం, అక్కడే గొట్టంలో మొదటి గుంటలు పడతాయి.

చెడిన రైఫిల్‌ను తెలిసిన ఆర్మరర్ ఎలా చదువుతాడో కాస్త వివరంగా చూద్దాం. ఎందుకంటే ఆ చదువే దళాలకు అందనిది.

మీట నొక్కితే టిక్కుమంది, పేలలేదు. కంగారుపడి వెంటనే బోల్టు తెరిచేవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు, తూటా ఒక క్షణం ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. కాసేపు గురి కదపకుండా ఆగి, తర్వాత తూటా తీసి దాని అడుగున టోపీ చూడాలి. టోపీ మీద పిన్ను కొట్టిన నొక్కు లోతుగా ఉంటే తప్పు తూటాది. తడిసింది, లేదా నూనె దిగి లోపలి మసాలా చచ్చిపోయింది. నొక్కు పైపైన ఉంటే తప్పు రైఫిల్‌ది. బోల్టు లోపల పిన్ను, దాని చుట్టూ స్ప్రింగు ఉంటాయి. అక్కడ పాత నూనె చిక్కబడి బంకగా మారితే పిన్ను వేగం తగ్గుతుంది. తుప్పు పట్టినా అంతే. ఒక్క నొక్కును చూసి సగం రోగం చెప్పొచ్చు. ఇది తెలియని చోట తూటాలు బాగోలేవని పారేసిన సందర్భాలు, లేదా మంచి తుపాకిని పనికిరాదని పక్కన పెట్టిన సందర్భాలు ప్రపంచంలో ప్రతి సైన్యానికీ ఉన్నాయి.

పేలింది, కాని ఖాళీ తొడుగు బయటికి రావడం లేదు. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎదుటివాడు కాలుస్తూనే ఉంటాడు. ఇత్తడి తొడుగు పేలుడు వేడికి, ఒత్తిడికి ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ కొద్దిగా కుంచించుకుని వదులవుతుంది. గోడ నున్నగా ఉంటేనే అది జరుగుతుంది. తుప్పు తిని గుంటలు పడ్డ గోడైతే ఇత్తడి ఆ గుంటల్లోకి దిగి పట్టేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం లాగితే తొడుగు అంచు చిరిగి కొక్కెం ఒక్కటే వెనక్కి వస్తుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చాంబర్ గొట్టం కంటే వెడల్పు. గొట్టానికి సరిపోయిన చిందీ చాంబర్‌లో వదులుగా జారిపోతుంది. పుల్‌త్రూ రోజూ లాగుతున్నా చాంబర్ మురికిగానే ఉండిపోవచ్చు. అందుకే సైన్యంలో చాంబర్ తుడవడానికి విడిగా ఒక కర్ర ఉండేది. మడమ తొర్రలో ఆ కర్ర పట్టదు, కాబట్టి తుపాకిని గుంజుకున్నవాడికి అది దొరకదు. అలాంటిది ఒకటి ఉంటుందన్న సంగతే తెలియదు.

మేగజైన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. స్ప్రింగు తుప్పు పట్టి నీరసిస్తే తూటాను పైకి తోయలేదు, బోల్టు ఖాళీగా పోతుంది. 303 తూటాకు అడుగున అంచు ఉంటుంది కాబట్టి పై తూటా అంచు కింది తూటా అంచు వెనక చిక్కుకున్నా ఆగిపోతుంది. ఇది నూనె తప్పు కాదు, నింపినవాడి తప్పు. బోల్టులు మారిపోవడం ఇంకో తప్పు. ప్రతి బోల్టూ దాని రైఫిల్‌కు అమర్చినది, రెండింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. నాలుగు రైఫిళ్లు ఒకేచోట విప్పి చీకట్లో తుడిచి, ఒకదాని బోల్టు ఇంకోదానికి తొడిగితే తూటాకు, బోల్టుకు మధ్య ఉండాల్సిన సందు మారిపోతుంది. ఇక గొట్టంలో మట్టి, చిరిగిపోయిన గుడ్డ ముక్క మిగిలిపోయి, చూసుకోకుండా కాలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. దీనికి మరమ్మతు లేదు.

చెక్కను మరచిపోకూడదు. లీ-ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని దాదాపు మూతి దాకా చెక్క కప్పి ఉంచుతుంది. చెక్క తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది, గొట్టాన్ని ఒక పక్కకు నొక్కుతుంది, గురి తప్పుతుంది. భూమిలో పాతి దాచిన తుపాకికైతే చెద పడుతుంది. విరాటపర్వంలో పాండవులు ఆయుధాలను మూటగట్టి జమ్మిచెట్టు మీద ఏడాది దాచారు, దించేసరికి అవి సిద్ధంగా ఉన్నాయి. చెట్టు మీద, గాలి తగిలేచోట, మూటగట్టి దాచడం నేల కింద దాచడం కంటే తెలివైన పని అన్న సంగతి ఆ కథ కట్టినవారికి తెలుసు.

ఇక నూనె. ఈ భాగంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. అడవిలో నూనె కరువు కాదు. ఇప్పగింజల నూనె ఉంది, కానుగ నూనె ఉంది, ఆముదం ఉంది, సంతలో కిరసనాయిలు దొరుకుతుంది. కాని తుపాకికి కావాల్సింది ఏదో ఒక నూనె కాదు.

ఇప్పనూనె వేసవిలో ద్రవం. చలికాలం తెల్లవారుజామున అది వెన్నలా పేరుకుంటుంది. బోల్టు లోపల పేరుకుంటే పిన్ను కదలదు. రాత్రి బాగున్న తుపాకి తెల్లవారి దాడికి మొరాయించడానికి ఇది చాలు. కిరసనాయిలు పాత బంకను, మసిని బాగా కడుగుతుంది, కాని ఆరిపోతుంది, వెనక రక్షణ పొర మిగల్చదు. కడగడానికి పనికొస్తుంది, పూయడానికి పనికిరాదు. అవిసె నూనె గాలి తగిలితే వార్నిష్‌లా గట్టిపడుతుంది. మడమ చెక్కకు అదే మంచిది, ఇనుముకు అదే చెడు. చెక్కకు, ఇనుముకు ఒకే గుడ్డ వాడినవాడు రెండు పనులూ ఒకేసారి చేస్తాడు, ఒకటి మంచి, ఒకటి చెడు.

ఆముదం వేరు. చిక్కనిది, ఇనుముకు గట్టిగా పట్టుకుంటుంది, వేడికి తట్టుకుంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే పోసేవారు. హైదరాబాద్ సంస్థానం, అందులోనూ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఆముదాల పంటకు పేరు పడ్డవి. మన రైతు ఎడ్లబండి ఇరుసుకు గడ్డిమసిలో ఆముదం కలిపి కందెన పెట్టేవాడు. బండి అరుపు వినగానే కందెన అయిపోయిందని చెప్పగల చెవి ఆ రైతుది. దళాల్లో చేరింది ఆ రైతుల పిల్లలే కాబట్టి, నూనె అవసరం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. తేడా ఒక్కటే. ఇరుసుకు ఎంత పెడితే అంత మంచిది. రైఫిల్‌కు అలా కాదు. పైగా ఆముదం పాతబడితే జిగురు కడుతుంది. వారానికోసారి తుడిచి మళ్లీ పూస్తే దివ్యమైన నూనె. ఆరు నెలలు వదిలేస్తే బంక.

సైన్యం వాడింది ఖనిజ తైలం. బ్రిటిష్ కాలపు వేటగాళ్లు, అధికారులు తుపాకికి రంగూన్ ఆయిల్ అని పిలిచే తైలం వాడేవారు. బర్మా నేల నుంచి తీసిన పెట్రోలియం సంతతి. మన గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలీలు వేల సంఖ్యలో వలసపోయిన రంగూన్ పేరే దానికి. ఖనిజ తైలం చలికి వెంటనే పేరుకోదు, గాలికి గట్టిపడదు, పుల్లబడదు. దగ్గర్లో ఇలాంటి నూనె యంత్రాల కోసం వాడుతున్న చోటు కొత్తగూడెం బొగ్గుగనులు. అక్కడ కార్మిక సంఘాలు కమ్యూనిస్టులవి. ఆ దారిని ప్రభుత్వం ఎంత గట్టిగా కాపలా కాసిందో వచ్చే భాగాల్లో చూస్తాం.

ఎక్కువ నూనె కూడా రోగమే అన్నాను. చాంబర్‌లో నూనె ఉంటే ఇత్తడి తొడుగు గోడను పట్టుకోదు, జారుతుంది. అప్పుడు పేలుడు తోపు మొత్తం బోల్టు మీద పడుతుంది. గొట్టంలో నూనె ఉంటే మొదటి గుండు గురి తప్పుతుంది. బయట నూనె కారుతుంటే పోడు బూడిద, దారి దుమ్ము అంటుకుని గంటలో ఆకురాయి పూత తయారవుతుంది. అందుకే కాల్చబోయే ముందు గొట్టం, చాంబర్ పొడిగా తుడవాలని సైన్యం నియమం పెట్టింది. దాచేటప్పుడు నూనె, కాల్చేటప్పుడు పొడి. ఎప్పుడు దాడి జరుగుతుందో తెలిసిన సైన్యానికి ఈ నియమం కుదురుతుంది. ఏ క్షణంలో కాల్చాల్సి వస్తుందో తెలియక, ఎప్పుడు ఆరు వారాలు దాచాల్సి వస్తుందో తెలియక తిరిగే దళానికి కుదరదు.

స్టెన్ గన్ కూడా కొన్ని చోట్ల దళాల చేతికి వచ్చింది. యుద్ధకాలంలో చవకగా, వేగంగా చేసిన ఆయుధం. బోల్టు వెనక్కి లాగి ఉంచితే పక్కన పెద్ద కిటికీ తెరిచి ఉన్నట్టే, ఆకులు, మట్టి నేరుగా లోపలికి పోతాయి. దాని మేగజైన్ మెడ దగ్గర రెండు వరుసల తూటాలు ఒక్క వరుసగా దూరాలి. చిన్న సొట్ట, కాస్త మురికి ఉన్నా అక్కడే ఆగిపోతుంది.

ఇది పేదవాళ్ల సైన్యాలకే వచ్చే కష్టం అనుకోవద్దు. 1915లో కెనడా సైనికులు ఫ్రాన్స్, బెల్జియం బురదలో రాస్ రైఫిల్ బోల్టును బూటుకాలితో తన్ని తెరిచారు. చివరికి ఆ రైఫిల్‌ను పక్కనపెట్టి లీ-ఎన్‌ఫీల్డ్ ఇవ్వాల్సి వచ్చింది. 1966-67లో వియత్నాం అడవుల్లో అమెరికా తన కొత్త ఎం-16 రైఫిల్‌ను పంపింది. దీనికి పెద్దగా శుభ్రం అక్కర్లేదని సైనికులకు చెప్పారు. శుభ్రం చేసే సామగ్రి చాలినంత పంపలేదు. మధ్యలో తూటా మందు రకం మార్చారు, అది ఎక్కువ మసి వదిలింది. చాంబర్‌కు క్రోమియం పూత వేయలేదు. ఖాళీ తొడుగులు చాంబర్‌లో ఇరుక్కుపోయాయి. చేతిలో విప్పిన రైఫిల్‌తో, తొడుగును కడ్డీతో పొడుస్తూ చనిపోయిన కుర్రాళ్ల గురించి అమెరికా పత్రికలు రాశాయి. ప్రతినిధుల సభ ఉపసంఘం 1967లో విచారించి ఆ సైన్యాన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత క్రోమియం పూత వచ్చింది, సామగ్రి వచ్చింది, రైఫిల్ ఎలా తుడవాలో బొమ్మల కథగా విల్ ఐస్నర్ చేత గీయించి 1968లో పంచారు. ప్రపంచంలోకెల్లా సంపన్న సైన్యానికి కూడా నూనె సీసా, గుడ్డ ముక్క లేకపోతే ప్రాణాలు పోయాయి.

పాల్వంచ అడవిలో 1949, 50 సంవత్సరాల్లో పరిస్థితిని ఈ వెలుగులో చూడాలి. సైన్యం రోడ్లు వేసింది, క్యాంపులు పెట్టింది. ప్రతి క్యాంపుకు ఆయుధాలను విప్పి చూసే మనిషి, ఏది పాడైతే అది మార్చే డిపో ఉన్నాయి. అవతల దళాలు చిన్నవిగా, అయిదారుగురు మనుషులుగా చీలిపోయాయి. కోయల మధ్య రాజక్క పేరుతో తిరిగిన మల్లు స్వరాజ్యం వంటివారు ఆ జీవితం ఎంత కఠినమో తర్వాత చెప్పుకున్నారు. వాన, జ్వరం, ఆకలి, నడక. అలాంటి చోట రోజుకు ఒక గంట తుపాకికి కేటాయించగలిగిన దళం గొప్ప క్రమశిక్షణ ఉన్న దళం.

ఆ తర్వాత ప్రభుత్వం ఇంకో పని చేసింది. అడవిలోని కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్క శిబిరాలకు తరలించింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రలో ఆ శిబిరాల దుస్థితి గురించి రాశారు. దళాలకు తిండి, కబురు అందకుండా చేయడం దాని ఉద్దేశమని అందరికీ తెలుసు. తిండి పోయిన దారినే ఆముదం పోయింది, కిరసనాయిలు పోయింది, పాత బట్ట ముక్క పోయింది, గూడెంలో నీళ్లు కాచుకునే పొయ్యి పోయింది. గూడెం ఉంటేనే తుపాకి పేలేది. గూడేన్ని కదిలించినవాడు తుపాకిని ముట్టుకోకుండానే దాని నోరు మూయించాడు. 1951 అక్టోబరు 21న పోరాటం విరమిస్తున్నట్టు పార్టీ ప్రకటించడానికి రాజకీయ కారణాలు అనేకం ఉన్నాయి, వాటిని తక్కువ చేయను. కాని ఆ నాటికి అడవిలో మిగిలిన ఆయుధాలు మూడు వానాకాలాలు చూసినవని మరచిపోయి ఆ నిర్ణయాన్ని తూచడం న్యాయం కాదు.

పాయింట్ 303 మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం బతికింది. మన పోలీసు స్టేషన్లలో ఆయుధాలు భద్రపరిచే బెల్ ఆఫ్ ఆర్మ్స్ గదుల్లో దశాబ్దాల పాటు గోడకు వరుసగా నిలబడింది, దసరాకు కుంకుమబొట్టు పెట్టించుకుంది. 2008 నవంబరు ముంబయి దాడి నాడు కానిస్టేబుళ్ల చేతుల్లో ఉన్నదీ అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినాన దానికి వీడ్కోలు చెప్పారు. వందేళ్ల నాటి యంత్రం అంతకాలం పనిచేసిందంటే దాని వెనక ఆర్మరర్లు, వాళ్ల చిందీ గుడ్డలు ఉన్నాయి. వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

ములకలపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట, గుండాల వైపు పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్లలో ఆ కాలం చూసిన పెద్దలు ఇంకా ఉంటే, తుపాకి ఎవరు కాల్చారన్నది కాకుండా, ఎవరు తుడిచారు, ఏ నూనె పెట్టారు, వానాకాలంలో ఎక్కడ దాచారు అని అడిగి రాసి పంపండి. పాత ఇంటి అటక మీదో, పొలం దున్నుతుంటేనో బర్మార్ బయటపడితే దాన్ని ముట్టుకోకుండా పోలీసు స్టేషన్‌కు కబురు చేయండి. దశాబ్దాల కిందట దట్టించిన మందు లోపల పొడిగా ఉండి ఉంటే అది ఇవాళ కూడా పేలుతుంది.

వచ్చే భాగంలో రోడ్ల పక్క శిబిరాల్లో కోయల జీవితం.